డాక్యుమెంటరీ సిరీస్ చూసి ఫుట్‌బాల్ కోచ్ పనితనాన్ని తేల్చేయొచ్చా?

అమెజాన్ ప్రైమ్ డాక్యుమెంటరీ సిరీస్ ‘ఆల్ ఆర్ నథింగ్’లో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ సీజన్ చూశానని, వాళ్ల కోచ్ ఆర్టెటాకి ఉపన్యాసాలు, బోర్డు మీద బొమ్మలు తప్ప కోచింగ్ రాదని మీ ఫ్రెండ్స్ అంటున్నారని, సిరీస్ చూసి అలా చెప్పొచ్చా అని అడిగారు. చెప్పలేమండీ. ఆ సిరీస్‌లో కోచ్ ఎలాంటి మనిషో కొంత తెలుస్తుంది. క్లబ్ ఏ పరిస్థితిలో ఉందో ఇంకా బాగా తెలుస్తుంది. కోచింగ్ మాత్రం దాదాపు కనపడదు, ఎందుకంటే అది పక్కన నిలబడి చూసేవాళ్లకి విసుగు పుట్టించే పని.

నేను కాలేజీ రోజుల్లో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా ఆడేవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ, తెల్లవారుజామున నెల్లూరులో ఒక స్కూల్ గ్రౌండ్‌లో మా పాత పీడీ సార్‌కి తోడుగా అండర్-17 పిలకాయలకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. మన జిల్లాలో ఈ ఆట పరిస్థితి మీకు తెలుసు. గ్రౌండ్ దొరికితే క్రికెట్ వాళ్లకి, తర్వాత వాలీబాల్, కబడ్డీ వాళ్లకి. మిగిలిన మూల మాది. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్స్ దగ్గరపడితే తప్ప మమ్మల్ని అడిగేవాళ్లుండరు.

ఒక ఏడాది మా టీమ్ వరసగా ఓడుతోంది. అదే సమయంలో మా సీనియర్ కుర్రాడొకడు, ఇంజినీరింగ్ చదువుతూ యూట్యూబ్ ఛానల్ నడిపేవాడు, మంచి కెమెరా ఉన్నవాడు, సీజన్ మొత్తం షూట్ చేసి చిన్న సిరీస్‌లా పెడతానన్నాడు. సార్ ఒప్పుకున్నారు. వాడు కష్టపడి తీశాడు, ఎడిటింగ్ కూడా బాగా చేశాడు. వాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ తీసిందాంట్లో ఏది మిగిలిందో, ఏది పోయిందో పక్కనుండి చూశాను.

మాకు గోల్స్ పడేది ఎక్కువగా ఒకే రకంగా. ఎదుటివాళ్లు బంతిని కుడి నుంచి ఎడమకి తిప్పగానే మా నలుగురు డిఫెండర్లలో ఒకడు ముందుకి పోతాడు, ఒకడు ఆగిపోతాడు, మధ్యలో సందు పడుతుంది. ఆ సందులోంచి ఒక పాస్, అంతే, గోలీ ఒక్కడే మిగులుతాడు. సార్ ఒకరోజు ఇంటి నుంచి చేంతాడు తెచ్చారు. నలుగురినీ వరసగా నిలబెట్టి తాడు నడుముకి చుట్టించారు, ఒక్కొక్కరి మధ్య ఆరేడు అడుగులు. తను ఎదురుగా నిలబడి బంతిని కాలితో మెల్లగా కుడికి తోస్తారు, నలుగురూ కుడికి జరగాలి. ఎడమకి తోస్తే ఎడమకి. తాడు బిగుసుకుంటే ఎవడో వెనకబడ్డాడని, నేలకి జారితే ఇద్దరు ఒకే చోటికి వచ్చారని. బంతిని వెనక్కి తోస్తే నలుగురూ కలిసి రెండడుగులు ముందుకి. పరుగు లేదు, షాట్ లేదు, మాట లేదు. రోజూ అరగంట ఇదే. పిలకాయలు మొదట్లో గొణిగారు. తర్వాత తాడు తీసేసినా ఉన్నట్టే జరగడం మొదలుపెట్టారు. మ్యాచ్‌లో వాళ్లలో వాళ్లే ‘తాడు, తాడు’ అని అరుచుకునేవాళ్లు. బయటివాళ్లకి అదేంటో అర్థమయ్యేది కాదు.

సిరీస్‌లో ఆ తాడు కనపడింది కొన్ని సెకన్లు, మ్యూజిక్ కింద. ఎక్కువసేపు ఉన్నది, ఒక మ్యాచ్ హాఫ్ టైమ్‌లో సార్ మా రైట్ వింగర్ మీద గట్టిగా అరవడం, వాడు మెట్ల మీద కూర్చుని ఏడవడం. ఆ క్లిప్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మర్నాడే ఒక తండ్రి గ్రౌండ్‌కి వచ్చి, “ఏందన్నా, పిలకాయల్ని అట్టా తిడితే ఎట్టా ఆడతారు? మీ సార్‌కి నేర్పడం చేతకాక అరుస్తా ఉండాడు” అన్నాడు. ఆ వింగర్ చీలమండ బెణికిన సంగతి రెండు రోజులు దాచిపెట్టి మ్యాచ్‌కి వచ్చాడని, సగం మ్యాచ్ కుంటుతూ ఆడాక బయటపడిందని, సార్ అరిచింది ఆడలేదని కాదు, దాచినందుకని ఆయనకి తెలియదు. తెలిసే వీలూ లేదు, ఎందుకంటే ఆ ముక్క ముందు భాగం ఎడిటింగ్‌లో లేదు.

ఇంకో సంగతి గమనించాను. కాలర్‌కి మైక్ పెట్టిన రోజు సార్ వేరే మనిషి. ఎప్పుడూ ‘రేయ్’ అని పిలిచే ఆయన ‘బాబూ’ అన్నారు. ఒక్క ముక్కలో చెప్పేదాన్ని పెద్ద మాటగా చెప్పారు. మా స్కూల్ గ్రౌండ్‌లో ఒక్క కెమెరాకే ఇట్టా ఉంటే, ప్రపంచమంతా చూసే సిరీస్‌కి నెలల తరబడి గోడలకి కెమెరాలు పెట్టిన డ్రెస్సింగ్ రూమ్‌లో మాట సహజంగా ఉంటుందని ఎట్లా అనుకుంటాం?

ఇక మీ ఆర్సెనల్ సంగతి. 2021-22 సీజన్ మొత్తాన్ని ఎనిమిది ఎపిసోడ్లలో పెట్టారు. పది నెలల పని నుంచి కొన్ని గంటలు. అందులో జనానికి గుర్తుండిపోయినవి ఏవి? ఆర్టెటా బోర్డు మీద గుండె, మెదడు చేతులు పట్టుకున్న బొమ్మ గీయడం. లివర్‌పూల్ మ్యాచ్ ముందు ప్రాక్టీస్ గ్రౌండ్‌లో పెద్ద స్పీకర్లు పెట్టి వాళ్ల అభిమానులు పాడే పాట వాయించడం. ఆ మ్యాచ్ 4-0తో ఓడిపోయారు కాబట్టి అందరూ ఆ స్పీకర్లనే పట్టుకున్నారు. మ్యాచ్ మళ్లీ చూడండి. మొదటి గోల్ 39వ నిమిషంలో ఫ్రీ కిక్ నుంచి లివర్‌పూల్ ఆటగాడు మానే తలతో వేశాడు. రెండోది హాఫ్ టైమ్ తర్వాత, ఆర్సెనల్ లెఫ్ట్ బ్యాక్ నూనో తవారెస్ ఇచ్చిన తప్పు పాస్ నేరుగా లివర్‌పూల్ జోటా కాలికి వెళ్లింది. లెఫ్ట్ బ్యాక్‌గా ఆడినవాణ్ణి కాబట్టి ఆ పాస్ నాకు బాగా అర్థమవుతుంది. వెనక్కి, అడ్డంగా, చూడకుండా ఇచ్చే పాస్ అది. ఎదుటివాళ్లు మీద పడుతుంటే చెవులు మూసుకుపోతాయి, పక్కవాడి అరుపు వినపడదు. ఆ హోరుకి ముందే అలవాటు పడాలనే ఆలోచన నాకైతే పిచ్చిగా అనిపించలేదు. అది చాలలేదు, అది వేరే మాట.

సీజన్ మొదటి మూడు మ్యాచ్‌లూ అంతే, మూడూ ఓడిపోయారు. బ్రెంట్‌ఫర్డ్ మీద 2-0, చెల్సీ మీద 2-0, మాంచెస్టర్ సిటీ మీద 5-0. ఒక్క గోల్ వేయలేదు, తొమ్మిది ఇచ్చారు, ఇరవై టీమ్‌ల లీగ్‌లో ఇరవయ్యో స్థానం. బ్రెంట్‌ఫర్డ్ మ్యాచ్ మనకి శుక్రవారం అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి మొదలైంది. మా గ్రూప్‌లో ఆ రాత్రే ఆర్టెటాని పీకేయాలని మెసేజ్‌లు వచ్చాయి. స్ట్రైకర్లు ఓబమెయాంగ్, లకజెట్ ఇద్దరూ అనారోగ్యంతో ఆ మ్యాచ్‌కి లేరు. సిటీ మ్యాచ్‌లో వెనక ఆడినవాళ్లు చాంబర్స్, హోల్డింగ్, కొలాసినాచ్. దానికి తోడు షాకాకి ఫస్ట్ హాఫ్‌లోనే రెడ్ కార్డ్. తర్వాత నార్విచ్ మీద 1-0 గెలిచినప్పుడు వెనక ఉన్నవాళ్లే దాదాపు వేరు: గోలీ రామ్స్‌డేల్, ముందు టొమియాసు, బెన్ వైట్, గాబ్రియెల్, టియర్నీ. కోచ్ అదే, మాటలు అవే. సిరీస్‌లో చూస్తే మాత్రం మధ్యలో ఆయన చెప్పిన ఉపన్యాసం వల్ల టీమ్ మారిపోయినట్టు అనిపిస్తుంది. కథ చెప్పేవాళ్లకి అది కావాలి, వాళ్లని తప్పుపట్టలేం.

కోచింగ్ ఎక్కడ కనపడుతుందో చెప్పాలంటే నేను ఒక్క మ్యాచ్ చూపిస్తాను. 2022 జనవరి 1, అదే మాంచెస్టర్ సిటీ, ఈసారి ఆర్సెనల్ సొంత గ్రౌండ్‌లో. ఆర్టెటాకి కోవిడ్ పాజిటివ్ వచ్చి గ్రౌండ్‌కే రాలేదు, అసిస్టెంట్ స్టైవెన్‌బర్గ్ టీమ్‌ని నడిపాడు. ఆగస్టులో ఐదు గోల్స్ తిన్న టీమ్, ఆ రోజు ఫస్ట్ హాఫ్‌లో సిటీని ఊపిరి తీసుకోనివ్వలేదు. సాకా గోల్‌తో ముందున్నారు. సెకండ్ హాఫ్‌లో సిటీకి పెనాల్టీ ఇచ్చారు, గాబ్రియెల్‌కి రెడ్ కార్డ్ పడింది, చివరికి అదనపు సమయంలో సిటీ ఆటగాడు రోడ్రి గోల్‌తో 2-1 తేడాతో ఓడిపోయారు. కానీ బంతి పోగానే ముగ్గురు కలిసి ఎటు పరిగెత్తాలో, సిటీ గోలీ దగ్గర బంతి ఉన్నప్పుడు ఎవరు ఎవరిని మూయాలో ఆ కుర్రాళ్లకి ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేకపోయింది. కోచ్ ఇంట్లో ఉన్నాడు, కోచింగ్ గ్రౌండ్‌లో ఉంది. మీ ఫ్రెండ్స్‌కి నేను చూపించేది ఇదే.

ఇంకొకటి. 2021 వేసవిలో ఆర్సెనల్ నికొలా జోవెర్ అనే కోచ్‌ని సిటీ నుంచి తెచ్చుకుంది, కార్నర్లు, ఫ్రీ కిక్‌ల కోసమే. సిరీస్ చూసినవాళ్లలో ఎంతమందికి ఆయన పేరు గుర్తుంది? బ్రెంట్‌ఫర్డ్ మ్యాచ్‌లో లాంగ్ త్రో నుంచి గోల్ తిన్న టీమ్, రెండు మూడేళ్లలో కార్నర్ దొరికితే చాలు ఎదుటివాళ్లు వణికే టీమ్ అయింది. 2023-24లో లీగ్ మొత్తంలో అందరికన్నా తక్కువ, 29 గోల్స్ మాత్రమే ఇచ్చింది. 2021-22లో 69 పాయింట్లున్న టీమ్ ఆ తర్వాత 84, ఆపైన 89 పాయింట్లకి వెళ్లింది. ఆ సీజన్లలో టైటిల్ దక్కలేదు, అది నిజమే. కానీ 2022లో సిరీస్ చూసి కోచింగ్ రాదన్నవాళ్ల మాట నిలబడలేదు.

అలాగని ఆర్టెటాని ఏమీ అనకూడదని కాదు. ఓబమెయాంగ్‌ని క్రమశిక్షణ తప్పాడని 2021 డిసెంబర్‌లో కెప్టెన్సీ నుంచి తీసేశారు, జనవరి ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లు క్లబ్ మారే గడువు) ముగిసేసరికి అతను బార్సిలోనాకి వెళ్లిపోయాడు. క్రమశిక్షణ విషయంలో నేను కోచ్ వైపే. పిలకాయలతో పనిచేసేవాడిగా ఇంకో రకంగా అనలేను. కానీ అతని స్థానంలో స్ట్రైకర్‌ని కొనకుండా సీజన్ చివరిదాకా లాగారు. చివర్లో టాటెన్‌హామ్ మీద 3-0, న్యూకాసిల్ మీద 2-0 ఓడి, చాంపియన్స్ లీగ్ అనే యూరప్ టోర్నీకి దారి తీసే నాలుగో స్థానాన్ని రెండు పాయింట్ల తేడాతో టాటెన్‌హామ్‌కి వదిలేశారు. ఇది అడగాల్సిన ప్రశ్న. క్లబ్‌నీ కోచ్‌నీ కలిపి అడగాల్సిన ప్రశ్న. దీనికి ఆధారం పాయింట్ల పట్టికలో, మ్యాచ్‌లలో ఉంది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరు ఎంత గట్టిగా అరిచారనే దాంట్లో లేదు.

ఓడుతున్న టీమ్ గురించి నిజంగా ఏదైనా నేర్పిన సిరీస్ అంటే నా వరకు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఇంగ్లండ్ క్లబ్ సండర్‌ల్యాండ్‌ది. మొదటి భాగం 2017-18 సీజన్. అప్పటికే ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడ్డారు. గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్‌ని ఎవర్టన్‌కి అమ్మేశారు, గోల్స్ వేసే డిఫో వెళ్లిపోయాడు. యజమాని క్లబ్‌ని అమ్మేయాలని చూస్తున్నాడు, కొత్త ఆటగాళ్లకి డబ్బు లేదు. సొంత గ్రౌండ్‌లో దాదాపు ఏడాది పాటు ఒక్క గెలుపు లేదు. కోచ్ సైమన్ గ్రేసన్‌ని అక్టోబర్ ఆఖర్లో తీసేశారు. ఆయన అంతకుముందు నాలుగు వేర్వేరు క్లబ్‌లని మూడో డివిజన్ నుంచి పైకి తెచ్చినవాడు. తర్వాత వచ్చిన క్రిస్ కోల్‌మన్, 2016 యూరోలో వేల్స్‌ని సెమీఫైనల్‌కి తీసుకెళ్లినవాడు. ఆయన ఉండగానే సండర్‌ల్యాండ్ ఇంకో మెట్టు కిందికి పోవడం ఖాయమైంది. ఇద్దరికీ ఆ కొద్ది నెలల్లోనే కోచింగ్ మర్చిపోయే జబ్బు రాదు కదా. అభిమానుల కన్నీళ్లు చూసి నేనూ కదిలిపోయాను. ఆ ఊరివాళ్లు పడిన బాధ నిజమైనది. కానీ ఆ బాధని కోచ్ మీద పెట్టేస్తే అసలు సంగతి, అంటే ఖజానా ఖాళీ అయిన క్లబ్, పక్కకి పోతుంది.

మా సార్ విషయం కూడా చెప్పాలి. ఆ సీజన్‌లో మేం చివరిదాకా పెద్దగా గెలవలేదు. కానీ మధ్యలోంచి పడే గోల్స్ దాదాపు ఆగిపోయాయి. నాలుగైదు గోల్స్‌తో ఓడే టీమ్ ఒక్క గోల్‌తో ఓడడం, డ్రా చేయడం మొదలుపెట్టింది. ఆ తేడా చూసింది గ్రౌండ్‌కి వచ్చి మ్యాచ్ మొత్తం కూర్చున్న ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులే. వీడియో మాత్రమే చూసినవాళ్లు ఇప్పటికీ ఆయన్ని ‘అరిచే సార్’ అనే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

మీరు సిరీస్ మానేయమని నేననను. నేనూ చూస్తాను, ఇష్టంగా చూస్తాను. ఒక ఎపిసోడ్ అయ్యాక అందులో చూపించిన మ్యాచ్ పూర్తి రికార్డింగ్ ఎక్కడైనా దొరికితే పెట్టుకోండి. సౌండ్ తగ్గించి, బంతిని వదిలేసి, వెనక నలుగురినే ఒక పావుగంట చూడండి. బంతి పోయిన మొదటి ఐదారు సెకన్లు ఏం చేస్తున్నారో చూడండి. గోలీ బంతి పట్టుకోగానే ఎవరెవరు ఎటు విడిపోతున్నారో చూడండి. ఒక మ్యాచ్‌లో చేసింది తర్వాతి నెల మ్యాచ్‌లో కూడా చేస్తున్నారా అని పోల్చండి. ఆగస్టు 28 సిటీ మ్యాచ్, జనవరి 1 సిటీ మ్యాచ్ వరసగా పెట్టుకుంటే మీ ఫ్రెండ్స్‌తో వాదన ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది.