పాత సిస్టమ్ హ్యాంగ్ అవుతుంటే ఫార్మాట్ కన్నా ముందు చూడాల్సింది హార్డ్ డిస్క్‌ని

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ: పదేళ్ల నాటి డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, మొదటినుంచీ ఉన్న అదే హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసిన అరగంటకో ముప్పావుగంటకో హ్యాంగ్ అవుతోంది. ఎక్కువసార్లు మౌస్ బాణం కదులుతూనే ఉంటుంది గానీ ఏది నొక్కినా పలకదు. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తున్నారు. యాంటీవైరస్‌కి ఏమీ దొరకలేదు. ఒకసారి ఫార్మాట్ చేయిస్తే కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ మొదటికొచ్చింది. ర్యామ్ పెంచాలా, కొత్తది కొనేయాలా అని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దు. మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్ అచ్చం ఇలాగే ఏడిపించింది. చూసిన మెకానిక్ మదర్‌బోర్డు పోయిందని తేల్చేశాడు. మదర్‌బోర్డు నిక్షేపంలా ఉంది, పోతున్నది హార్డ్ డిస్క్. మీదీ అదేనని నా అనుమానం. కానీ అనుమానం మీద ఏదీ కొనకండి, ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు.

ఈసారి హ్యాంగ్ అయినప్పుడు వెంటనే బటన్ మీదికి వెళ్లకుండా మూడు గమనించండి. మౌస్ కదులుతోందా? కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా? క్యాబినెట్ ముందు పవర్ లైటు పక్కన చిన్న డిస్క్ లైటు ఉంటుంది, అది మిణుకుమిణుకుమంటోందా, లేక ఆరకుండా నిలకడగా వెలుగుతోందా? మౌస్ కదులుతూ, క్యాప్స్ లాక్ పలుకుతూ, డిస్క్ లైటు నిలకడగా వెలుగుతుంటే సిస్టమ్ బతికే ఉంది, డిస్క్ జవాబు కోసం ఎదురుచూస్తోంది. అలా కాకుండా మౌస్ బిగుసుకుపోయి, క్యాప్స్ లాక్ లైటు కూడా మారకుండా, పాట వస్తుంటే అదే ముక్క ర్ర్ర్‌మని తిరుగుతుంటే అది వేరే జబ్బు. ర్యామ్, వేడి, పవర్ సప్లై, గ్రాఫిక్స్, వీటిలో ఒకటి. దాని సంగతి కింద చెబుతాను.

మొదటి రకమైతే ఒక పది నిమిషాలు ఓపిక పట్టి చూడండి. మా సిస్టమ్‌లో కింద మూల గడియారం ఆగిపోయేది. మేం విసుగొచ్చి స్టార్ట్ మెనూ, బ్రౌజర్, ఫోల్డర్ అన్నీ టకటకా నొక్కేవాళ్లం. కాసేపయ్యాక ఆ నొక్కినవన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా తెరుచుకునేవి, గడియారం ఒక్క గెంతులో అసలు టైముకి వచ్చేసేది. ఇలా దానంతట అది తేరుకుంటే డిస్క్ మీద అనుమానం బాగా బలపడినట్టే. చెడిన ర్యామ్ ఇలా తేరుకోవడం నేను చూడలేదు.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. హార్డ్ డిస్క్‌లో ఒకచోట రాసిన డేటా సరిగా చదవలేకపోతే అది వెంటనే చేతులెత్తేయదు. మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. ఇళ్లలో వాడే మామూలు డిస్కులైతే ఆ ప్రయత్నం మీద చాలాసేపే ఉంటాయి. అంతసేపూ వేరే ఫైలు ఏది అడిగినా దాని వెనక క్యూలో నిలబడాల్సిందే. మీకు సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని రెండు కనిపిస్తున్నా లోపల ఉన్నది ఒకే డిస్క్. డీ డ్రైవ్‌లో ఎక్కడో పాత ఫోటో దగ్గర ఇరుక్కుంటే సీ డ్రైవ్‌లో ఉన్న విండోస్ కూడా ఆగిపోతుంది.

మా దాంట్లో సరిగ్గా అదే. ఫలానా ఫోటోల ఫోల్డర్ తెరిచామంటే హ్యాంగ్. ఫోల్డర్ తెరవగానే చిన్నబొమ్మలు చూపించడానికి విండోస్ ప్రతి ఫోటోనీ చదువుతుంది కదా, చెడిపోయిన చోటు ఆ ఫోటోల కిందే ఉంది. ఫోల్డర్ తెరవకపోయినా ఒక్కోసారి హ్యాంగ్ అయ్యేది, ఎందుకంటే సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు యాంటీవైరస్, వెతుకులాట కోసం ఫైళ్ల జాబితా రాసుకునే సెర్చ్ ఇండెక్సింగ్ వెనకాల ఫైళ్లన్నీ చదువుకుంటూ పోతాయి. మీ అరగంట వెనక ఉన్న కథ ఇదే కావచ్చు. ఫార్మాట్ చేశాక కొన్నాళ్లు బాగుండటానికీ కారణం ఇదే: సాధారణంగా చేసేది క్విక్ ఫార్మాట్, అదీ సీ డ్రైవ్‌కి మాత్రమే. అది డిస్క్‌ని పరీక్షించదు. చెడిన చోటు అలాగే ఉంటుంది, అక్కడికి చేరేదాకా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

కాబట్టి తేల్చుకునే పని మొదలుపెట్టకముందే పోకూడనివి ఏవో అవి బయటికి తీసేయండి. ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, లెక్కల ఫైళ్లు. మొత్తం డ్రైవ్‌ని ఒకేసారి కాపీ కొట్టకండి, మధ్యలో ఆగితే ఏది వచ్చిందో ఏది రాలేదో తెలీక పిచ్చెక్కుతుంది. ముఖ్యమైన ఫోల్డర్ ముందు, చిన్నచిన్న ముక్కలుగా, బయటి డ్రైవ్‌లోకి. ఏదైనా ఫైలు దగ్గర ఇరుక్కుంటే దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్లండి. ఆ ఒక్కదాని కోసం పట్టుబడితే మిగతావి పోతాయి. ఈ పని అయ్యేదాకా ఫైళ్ల ముక్కల్ని ఒకచోటికి సర్దే డీఫ్రాగ్ జోలికి వెళ్లొద్దు. చెక్‌డిస్క్‌తో (విండోస్‌లోనే ఉండే డిస్క్ పరీక్ష) బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్‌లో చెడిన చిన్నచిన్న గళ్లు, వెతికించడం కూడా వద్దు. ఎవర్ని అడిగినా మొదట చెప్పేది చెక్‌డిస్కే. అది చెడ్డదని కాదు, కానీ పోతున్న డిస్క్‌ని ఆ మూల నుంచి ఈ మూల దాకా గంటల తరబడి చదివిస్తుంది. బ్యాకప్ లేకుండా చేస్తే అసలుకే ఎసరు.

కాపీ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది, దాన్నే స్మార్ట్ అంటారు. ఈ సాఫ్ట్‌వేర్ దాన్ని చూపిస్తుంది. పైన నీలం రంగులో గుడ్ అని ఉందా, పసుపు రంగులో కాషన్ అని ఉందా అన్నది ఒక ఎత్తు. నేనైతే కింద పట్టికలో నాలుగు వరసలు చూస్తాను. 05 అంటే చెడిన సెక్టార్లకి బదులు స్పేర్ సెక్టార్లు ఎన్ని వాడేసిందో. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. సీ6 అంటే సరిచేయలేకపోయినవి. సీ7 అంటే డిస్క్‌కీ బోర్డుకీ మధ్య డేటా వెళ్లే దారిలో వచ్చిన తప్పులు. చివర ఉండే రా వాల్యూస్ అన్న నిలువు వరసలోని అంకెలే మనక్కావాల్సింది. అవి మామూలుగా హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి, 10 అని ఉంటే పదహారు అని అర్థం. కావాలంటే దాని మెనూలో మామూలు అంకెలకి (దశాంశానికి) మార్చుకోవచ్చు.

సీ5, సీ6 సున్నా కాకుండా ఏదైనా ఉంటే నేను ఆ డిస్క్‌ని నమ్మను. 05లో ఒకటో రెండో ఉండి ఏళ్ల తరబడి పెరగకపోతే ఫర్వాలేదు. వారం వారం పెరుగుతుంటే మాత్రం ఇక సెలవు తీసుకుంటున్నట్టే. ఇక్కడో తిరకాసు ఉంది. పెండింగ్‌లో ఉన్న చోట కొత్తగా ఏదైనా రాస్తే డిస్క్ ఆ సెక్టార్‌ని వాడుకోవడమో, స్పేర్‌తో మార్చేయడమో చేసి లెక్కలోంచి తీసేస్తుంది. అంటే డిస్కంతా కొత్తగా రాసే ఫుల్ ఫార్మాట్ కొట్టాక సీ5 సున్నా అయిపోవచ్చు. అది చూపించి "రిపేర్ అయిపోయింది" అంటారు కొందరు. డిస్క్ బాగుపడలేదు, లెక్క మారిందంతే.

సీ7 ఒక్కటే పెరుగుతూ మిగతావి సున్నా ఉంటే సంతోషించండి. అక్కడ అనుమానించాల్సింది డిస్క్‌ని కాదు, దానికి వెళ్లే సాటా కేబుల్‌ని. పవర్ వైరు పీకేసి, క్యాబినెట్ తెరిచి ఆ సన్నటి కేబుల్ రెండు చివర్లా తీసి గట్టిగా పెట్టండి, వీలైతే కొత్తది వేయండి. పాత లెక్క చెరిగిపోదు, ఆ అంకె ఇకమీదట పెరగకుండా ఉంటే చాలు.

దీనికి విండోస్ సాక్ష్యం కూడా దొరుకుతుంది. సిస్టమ్‌లో జరిగినవి విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, హ్యాంగ్ అయిన టైము దగ్గర డిస్క్ పేరుతో 7, 51, 153 నంబర్లు ఉన్నాయేమో చూడండి. 7 అంటే బ్యాడ్ బ్లాక్, 153 అంటే అడిగింది రాక మళ్లీ అడగాల్సొచ్చింది అని. అక్కడే కెర్నెల్ పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది, దాన్ని చూసి పవర్ సప్లై పోయిందని టెన్షన్ పడకండి. మీరు బటన్ నొక్కిపట్టి ఆపిన ప్రతిసారీ అది పడుతుంది. సరిగా షట్‌డౌన్ కాలేదని చెప్పడం తప్ప దానికి ఇంకేమీ తెలీదు.

డిస్క్ శుభ్రంగా ఉందని తేలితే అప్పుడు రెండో రకం. అరగంట తర్వాతే వస్తోందంటే వేడి కూడా కావచ్చు. దీనికి నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది: సిస్టమ్ ఆన్ చేసి బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) స్క్రీన్‌లోకి వెళ్లి అక్కడే ఒక గంట వదిలేయండి. బయోస్ నడవడానికి విండోస్‌తోగానీ హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లతోగానీ పని లేదు. అక్కడ కూడా బిగుసుకుపోతే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించడం మానేయొచ్చు. చాలా బోర్డుల్లో ప్రాసెసర్ ఎంత వేడిగా ఉందో, ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో ఆ స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఏ పనీ లేని ఆ స్క్రీన్‌లోనే 80 డిగ్రీలు దాటుతోందంటే ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్‌లో దుమ్ము పేరుకుందన్నా, ఆ రెంటి మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందన్నా, ఫ్యాన్ తిరగట్లేదన్నా అయ్యుంటుంది. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. గాలికి అది ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ర్యామ్‌కైతే స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ అని టైప్ చేయండి, రీస్టార్ట్ అయి పరీక్ష చేస్తుంది. అది బాగుందన్నా అనుమానం పోకపోతే మెమ్‌టెస్ట్86 ఉంది, పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరానిదే అనుకోకండి, ముందు తీసి పెట్టి చూడండి. వైరు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, మిగిలిన కరెంటు పోయాక ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచుని మెత్తటి రబ్బరుతో తేలిగ్గా తుడిచి, పొడి దులిపి మళ్లీ క్లిక్‌మనేలా పెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోదానితో విడిగా నడిపి చూస్తే దొంగ దొరుకుతుంది. పవర్ సప్లైని మాత్రం ఇంట్లో విప్పొద్దు, వైరు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది. పని చేసేది ఇంకొకటి తెచ్చి మార్చి చూడటమే దాని పరీక్ష. మూత తీసినప్పుడు మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు కూడా ఒక చూపు చూడండి. పైభాగం చదునుగా ఉండాలి, ఉబ్బి ఉంటే అప్పుడు ఆ మెకానిక్ మాట మీ విషయంలో నిజమవుతుంది.

వైరస్ గురించి రెండు ముక్కలే. నా లెక్కలో అది ఆఖరి అనుమానం. సిస్టమ్ స్పీడ్ పెంచుతామనే క్లీనర్లు మాత్రం ఏవైనా ఉంటే తీసేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. డిస్కే కారణమని తేలితే దాని బదులు, చిప్‌లలో డేటా దాచే సాటా ఎస్ఎస్‌డీ వేయండి. ఆ వయసు డెస్క్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ వైర్లే దానికీ సరిపోతాయి. ఈ ఒక్క మార్పుతో వచ్చే తేడా మిగతా వేటితోనూ రాదు. హార్డ్ డిస్క్‌లో ఒక ఫైలు వెతకాలంటే లోపలి ముల్లు కదిలి, పళ్లెం తిరిగి రావాలి, అదే ఎస్ఎస్‌డీలో కదిలేదే లేదు. పోతున్న డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేయకుండా కొత్తగా విండోస్ వేసి ఫైళ్లు కాపీ చేసుకోండి. లేకపోతే చదవలేకపోయిన సిస్టమ్ ఫైళ్ల తలనొప్పి కూడా వెంట వస్తుంది. ర్యామ్ అవసరమా అన్నది టాస్క్ మేనేజర్ చెబుతుంది. మీ రోజువారీ పని చేస్తూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. మెమరీ 90 శాతం దగ్గరే ఉంటోందంటే 4 జీబీ చాలట్లేదు, 8 చేయండి. కొనేముందు మీ బోర్డుకి పట్టే ర్యామ్ రకం డీడీఆర్3నో డీడీఆర్4నో చూసుకోండి, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. పదేళ్ల నాటి ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో ఉండదు. ఇంటర్నెట్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అయితే ఎస్ఎస్‌డీ వేసిన ఆ సిస్టమ్‌లో విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ బాగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు కూడా. హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి అలా ఒక పూట నడపండి, హ్యాంగ్ కాకపోతే డిస్క్ మీదో పాత విండోస్ మీదో అనుమానం ఇంకా పెరుగుతుంది.

పోకూడని ఫైళ్లు కాపీ అయ్యాక ఆ నాలుగు వరసల అంకెలు, హ్యాంగ్ అయినప్పుడు క్యాప్స్ లాక్ పలికిందా లేదా అన్నది ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.