కారుణ్య మరణమా, పోనివ్వడమా?

సందేహం: పేపర్లలో ‘కారుణ్య మరణం’ అని తరచూ చూస్తున్నాను. వెంటిలేటర్ తీసేయడానికి కూడా ఇదే మాట వాడొచ్చా? కోలుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్‌ను ‘జీవన వీలునామా’ అనడం సరైనదేనా?

సమాధానం: సమాసంలో తప్పేమీ లేదు. కారుణ్యంతో ఇచ్చిన ఉద్యోగం ‘కారుణ్య నియామకం’ అయినట్టే, కారుణ్యంతో కలిగించిన మరణం ఇది. పేచీ అంతా అర్థం దగ్గరే. దీని ఇంగ్లీషు మూలం ‘మెర్సీ కిల్లింగ్’ అంటే చంపేవాడొకడున్నాడని తెలుస్తుంది. కిల్లింగును మనం మరణం చేసేసరికి ఆ కర్త కాస్తా మాయమయ్యాడు. దాంతో ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇచ్చినా, వెంటిలేటర్ తీసినా ఒకటే మాటయి కూర్చుంది.

చట్టం దృష్టిలో ఇవి వేరువేరు. దశాబ్దాలపాటు అచేతనంగా మంచానపడి ఉన్న ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు 2011లో సూత్రప్రాయంగా ఒప్పుకున్నదీ, 2018 మార్చి 9న రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసిందీ కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాన్ని నిలబెట్టే చికిత్స ఆపడం వరకే. మందిచ్చి చంపడం ఇప్పటికీ నేరమే.

ఈ తేడా కోసం కొత్త మాట పుట్టించనక్కర్లేదు. చచ్చు, చంపు, చావనిచ్చు: మూడూ మన దగ్గరున్నవే. మూడోదాంట్లోని ‘ఇచ్చు’ అడ్డు తొలగడాన్నే చెబుతుంది. పోయే పని పోయేవాడిదే. ‘వెళ్ళనిచ్చాడు’ అంటే ‘వెళ్ళగొట్టాడు’ అని కాదుగదా! చావు మాట మొరటనిపిస్తే ‘పోనిచ్చు’ ఉండనే ఉంది.

ఒకసారి ఐసీయూ బయట ఒక పెద్దాయన చేతిలో కాగితం చూశాను. ‘జీవాధార వ్యవస్థ ఉపసంహరణకు సమ్మతి’ అని ఉంది. నాకే రెండోసారి చదివితేగానీ అర్థం కాలేదు. ఆయన పెన్ను పట్టుకుని, “అంటే మా ఆవిడను మేమే చంపుకున్నట్టా అమ్మా?” అన్నాడు. నర్సు, “కాదు తాతా, ఆమెను పోనిస్తున్నట్టు. నొప్పి తెలియకుండా మందులు ఇస్తూనే ఉంటాం” అంది. అప్పుడు సంతకం చేశాడు. ఆ అమ్మాయి చెప్పిన రెండో వాక్యం కూడా ముఖ్యమే. ఆగేది యంత్రం, సేవ కాదు. నొప్పి తెలియకుండా చూసే ఆ సేవనే ఉపశమన చికిత్స అంటున్నారు, మంచి మాట.

ఇక వీలునామా. ఇంగ్లీషు విల్లుకు ఫార్సీ ‘నామా’ అతికిన మాట ఇది. పోయాక ఆస్తి ఎవరికన్నది అందులో రాస్తారు. లివింగ్ విల్ మనిషి బతికుండి, నోటితో చెప్పలేని స్థితిలో పనికొచ్చేది. 2023 జనవరిలో సడలించిన నిబంధనల ప్రకారం ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయించాలి. ‘జీవన వీలునామా’ అంటే బతికుండగానే పొలం రాసిచ్చినట్టు వినబడుతుంది. నన్నడిగితే ‘ముందస్తు చికిత్స పత్రం’ మేలు. లివింగ్ విల్ అన్నా అభ్యంతరం లేదు. ఆస్పత్రి కౌంటర్లో చప్పున అర్థమయ్యేది అదే.