కె నుంచి కె + 1కి వెళ్ళలేకపోతున్నారా?

4^ఎన్ + 15ఎన్ − 1 ప్రతి సహజ సంఖ్య ఎన్‌కీ 9తో నిశ్శేషంగా భాగించబడుతుందని గణితానుగమనంతో (ఎన్ = 1కి నిజమని సరిచూసి, కెకి నిజమైతే కె + 1కీ నిజమని చూపే పద్ధతి) చూపమన్నారు, కె దాకా వచ్చాక ఏం చేయాలో తోచట్లేదు అన్నారు. కాలేజీలో చేరిన కొత్తలో నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయేదాన్ని. పరీక్షలో "కెకి నిజమనుకుందాం, కాబట్టి కె + 1కి కూడా నిజం" అని రాసేసి వచ్చాను. సగం మార్కులు పోయాయి.

తర్వాత తెలిసింది, నా పొరపాటంతా ఒక్క మాటలో ఉందని. "9తో భాగించబడుతుంది" అని మాటల్లో రాసి వదిలేసేదాన్ని. మాటల్ని తర్వాతి లెక్కలోకి ఎక్కించలేం కదా. దాన్ని సమీకరణంగా మార్చాలి:

4^కె + 15కె − 1 = 9ఎమ్, ఇక్కడ ఎమ్ పూర్ణాంకం.

ఇందులో మనల్ని ఇబ్బంది పెట్టేది ఘాతం ఒక్కటే. అందుకే దాన్ని ఒక పక్కకు తెచ్చుకోండి: 4^కె = 9ఎమ్ − 15కె + 1.

ఇప్పుడు ఎన్ స్థానంలో కె + 1 పెడితే వచ్చేది 4 × 4^కె + 15కె + 14. అందులో 4^కె బదులు పై విలువ రాయండి:

4(9ఎమ్ − 15కె + 1) + 15కె + 14
= 36ఎమ్ − 45కె + 18
= 9(4ఎమ్ − 5కె + 2)

బ్రాకెట్‌లో ఉన్నది పూర్ణాంకమే కాబట్టి మొత్తం 9కి గుణిజం. ఈ పూర్ణాంకం మాట తప్పకుండా రాయండి. అది లేకపోతే ఏ సంఖ్యనైనా 9 × ఏదో ఒకటి అని రాసేయొచ్చు.

కె + 1 విలువలోంచి కె విలువ తీసేసే పద్ధతి కూడా ఉంది. కానీ ఇక్కడ తేడా 3(4^కె + 5) వస్తుంది, అప్పుడు 4^కె + 5 అనేది 3కి గుణిజమని విడిగా చూపాల్సి వస్తుంది. అందుకే నాకు పైన చేసిన ప్రతిక్షేపణే (4^కె బదులు దాని విలువ పెట్టడమే) ఇష్టం.

ఇక ఎన్ = 1 దగ్గర సరిచూడటం. ఇక్కడ 4 + 15 − 1 = 18, సరిపోయింది. ఇది ఒక్క లైనే కదా అని చాలాకాలం నేను తేలిగ్గా తీసుకున్నాను, 4^ఎన్ + 1 అనే లెక్క చేసేదాకా. అది 3తో భాగించబడుతుందని అనుకుని చూడండి: 4^కె = 3ఎమ్ − 1 అయితే 4^(కె+1) + 1 = 12ఎమ్ − 3 = 3(4ఎమ్ − 1). మెట్టు మీద మెట్టు చక్కగా ఎక్కేస్తుంది! కానీ ఎన్ = 1కి విలువ 5. ఏ ఎన్ తీసుకున్నా 3తో భాగిస్తే శేషం 2 వస్తుంది, అంటే 3తో భాగించబడుతుందన్న ఆ మాట ఒక్క ఎన్‌కి కూడా నిజం కాదు. ఎక్కడానికి మెట్లున్నాయి గానీ, మొదటి మెట్టు మీద కాలు పెట్టే దారే లేదు.