పేషెంట్ తాలూకు ఎవరండీ?

ప్రశ్న: రోడ్డు పక్కన బతికేవాళ్ళకి దేవుడి పేరు చెప్పి సేవ చేసేవాళ్ళు నిజంగా వాళ్ళ కోసమే చేస్తారా? పొట్లం చేతిలో పెట్టి మతం అంటగట్టడమే కదా అసలు పని?

నేను ఆ పని చేసేవాణ్ణే కాబట్టి జవాబు రాస్తున్నాను. రాజమండ్రి తాడితోటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో గుమస్తాని. పుట్టుకతో లూథరన్ క్రైస్తవుణ్ణి. ఆరేళ్ళుగా ప్రతి శనివారం రాత్రి కొట్టు కట్టేశాక గోదావరి స్టేషను దగ్గర మొదలుపెట్టి, పుష్కరఘాట్ మీదుగా కోటిలింగాల రేవు దాకా నడుస్తాను. మా వీధిలో ఉండే ఒక రిటైర్డు రైల్వే ఆయన కూడా వస్తారు. నేను బాబాయ్ గారూ అంటాను. ఆయన షిర్డీ సాయి భక్తుడు. చేసేదాన్ని నారాయణ సేవ అంటారు, నేను ప్రభువు పని అంటాను. ఆయన సంచిలో ఇడ్లీ పొట్లాలు, నా సంచిలో దూది, గాజుగుడ్డ, బెటాడిన్, గోళ్ళు తీసేది. ఈ ఆరేళ్ళలో మా ఇద్దరికీ పేచీ వచ్చింది చట్నీ విడిగా కట్టాలా వద్దా అన్న దగ్గరే.

నా వరకూ ఇది ఎక్కడ మొదలైందంటే మా అమ్మ దగ్గర. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్ళేది. ఇంట్లో బియ్యం అరువు తెచ్చిన రోజు కూడా ఆ పిడికెడు తీసేది. "మనం తినే ముందే తియ్యాలిరా, మిగిలింది ఇవ్వకూడదు" అనేది. నా విశ్వాసం అంతా ఆ డబ్బాలోంచే వచ్చిందని నేననుకుంటాను.

అసలు మా గోదావరి జిల్లాల వాళ్ళకి అన్నం పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా లేకుండా, కులం అడక్కుండా, గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ విస్తరి వేసిన నేల ఇది. ఆవిడ ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరి, దారిలో ఎవరో ఆకలితో తన ఇంటికే వస్తున్నారని తెలిసి, దర్శనం మానుకుని వెనక్కి తిరిగారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది భక్తి కాదని ఎవరంటారు? అందుకే "దేవుడి పేరుతో చేస్తే అనుమానించాలి" అనే మాట నాకు మింగుడుపడదు. ఈ దేశంలో ఆకలి తీర్చినవాళ్ళలో ఎక్కువమంది దేవుడి పేరుతో చేసినవాళ్ళే. నా దగ్గర లెక్కలేం లేవు, కానీ రాత్రి పదకొండింటికి ఘాట్ మీద నాకు ఎదురైనవాళ్ళంతా ఏదో ఒక దేవుణ్ణి నమ్మినవాళ్ళే.

అయితే అన్నం పెట్టడం అన్నిటికంటే సులువైన పని. ఇది నాకు మేస్త్రి గారి వల్ల తెలిసింది.

మేస్త్రి గారు అంటే కోటిలింగాల రేవు దగ్గర ఉండే ముసలాయన. శ్రీకాకుళం వైపు మనిషి, తాపీ పని. ఇటు పనులకొచ్చి, చూపు మందగించాక పనుల్లోకి పిలిచేవాళ్ళు లేక ఇక్కడే ఉండిపోయారు. ఎనిమిది వారాలు మాతో మాట్లాడలేదు. పొట్లం తీసుకునేవారు, తల పక్కకి తిప్పుకునేవారు. చేతికర్రతో తను కూర్చున్న మెట్టుని టకటకా కొట్టి చూసుకుంటూ ఉండేవారు. తొమ్మిదో వారం నన్ను చూసి మొట్టమొదట అన్న మాట, "ఈ గచ్చు సేసినోడికి పనే రాదు బాబూ."

మూడేళ్ళ కిందట ఆషాఢంలో ఒక శనివారం. సాయంత్రం నుంచీ విడవకుండా వాన. మేస్త్రి గారు మెట్ల పైన ఒక కొట్టు అరుగు మీద గోడకి చేరబడి ఉన్నారు. ఇడ్లీ వద్దన్నారు. దగ్గరికి వెళ్ళేసరికి వాసన. కుడి పాదానికి యూరియా బస్తా ముక్క చుట్టి, పైన పురికొస బిగించి ఉంది. ఏమైందంటే "ఏటీ నేదు, మేకు దిగింది" అన్నారు. పురికొస కోసి బస్తా ముక్క లాగితే దాంతోపాటు తోలూ వచ్చింది. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. చిటికెన వేలికీ పక్క వేలికీ నడుమ గుంటలో తెల్లగా మెతుకులున్నాయి. తిన్నప్పుడు అన్నం పడిందేమో అనుకున్నాను. అవి కదిలాయి.

నా పెట్టెలో ఉన్న బెటాడిన్‌కి లొంగేది కాదది. 108కి ఫోన్ చేశాం, బండి త్వరగానే వచ్చింది. ఆ కుర్రాళ్ళు ముక్కు మూసుకోకుండా ఎత్తుకున్నారు, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఎక్కించాక ఒక కుర్రాడు అడిగాడు, "తోడు ఎవరొస్తారండి?" బాబాయ్ గారు నా వైపు చూశారు. నేను ఎక్కాను.

ఊళ్ళో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కౌంటరు దగ్గర మొదటి మాట: "పేషెంట్ తాలూకు ఎవరండీ?"

ఆ మాటకి నా కాళ్ళు ఆడలేదు. తాలూకు అంటే బిల్లు వస్తే నాదా? చనిపోతే శవాన్ని నేనే తీసుకెళ్ళాలా? పోలీసులు పిలుస్తారా? అప్పటికే మూడేళ్ళుగా సేవ చేస్తున్నానని ధీమాగా ఉన్నవాణ్ణి, ఆ రెండు క్షణాల్లో అన్నీ తిరిగాయి బుర్రలో. "తెలిసినాయనండి" అన్నాను. "తెలిసినాయన అంటే ఎవరు? ఫోన్ నంబరు చెప్పండి" అన్నారు. చెప్పాను. చివరి అంకె మార్చి చెప్పాను. ఇది మా పాస్టరు గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. పొద్దున్నే వస్తానని చెప్పి రాత్రి ఒంటిగంటన్నరకి ఇంటికి వచ్చేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక భోజనం చేసి మధ్యాహ్నం వెళ్ళాను. మేస్త్రి గారు వరండాలో మంచం మీద ఉన్నారు. రాత్రి కట్టిన కట్టు తప్ప ఇంకేమీ జరగలేదు. చీటీ పట్టుకుని మందులు తేవాలంటే తాలూకు మనిషి కావాలి. రక్తం శాంపిల్ ల్యాబుకి చేర్చాలన్నా, ఎక్స్‌రేకి స్ట్రెచర్ తొయ్యాలన్నా, బాత్రూముకి పట్టుకెళ్ళాలన్నా తాలూకే. సిస్టరు గారు కోప్పడ్డారు. "ఎన్నిసార్లు చేశామండీ, ఆ నంబరు వేరేవాళ్ళది." ఆవిడ ఒక్కరూ నలభై మంచాలు చూస్తున్నారు, ఆవిణ్ణి నేనేమనగలను? మేస్త్రి గారు పక్క తడిపేసుకుని అలాగే ఉన్నారు. పక్క మంచం వాళ్ళమ్మాయి పాత చీర తెచ్చి కింద వేసింది.

మంచి సమరయుడి కథ చిన్నప్పుడు సండేస్కూల్లో మాకు బట్టీ. అందరూ ఆయన నూనె పోసి గాయం కట్టిన సంగతే చెబుతారు. ఆయన ఆ మనిషిని పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళి, ఆ రాత్రి అక్కడే ఉండి చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తిరిగొస్తానన్న మాటే ఆ కథకి ప్రాణం అని నాకు ఆ వరండాలో అర్థమైంది.

ఆ రోజు సిస్టరు గారు టర్పెంటైన్ నూనెలో దూది ముంచి పుండులో పెట్టారు. కాసేపటికి పురుగులు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఫోర్సెప్స్‌తో తీసి కిడ్నీ ట్రేలో వేశారు. యాభై దాకా నేను లెక్కపెట్టాను, తర్వాత లెక్కపెట్టలేకపోయాను. షుగరు బాగా ఎక్కువుంది. ఆయనకి షుగరుందని ఆయనకే తెలీదు. మేం మూణ్ణెల్లుగా వారం వారం ఇడ్లీ పెట్టి, పండగలకి జిలేబీ కూడా ఇచ్చాం.

రెండు వేళ్ళు తియ్యాలన్నారు. సంతకం కావాలి. కాగితం మీద "సంబంధం" అని ఒక గడి. నేను మంచం దగ్గరికి వెళ్ళి, "మేస్త్రి గారూ, ఏమని రాయమంటారు?" అన్నాను. కళ్ళు మూసుకునే చెప్పారు: "మా ముటా మడిసని రాసీ బాబూ." ముఠా అంటే తాపీ పనిలో ఆయన కింద పనిచేసే జట్టు. సిస్టరు గారు నవ్వి "బంధువు" అని రాశారు. ఈసారి నంబరు సరిగ్గా చెప్పాను.

పన్నెండు రోజులు. పగలు బాబాయ్ గారు, రాత్రి నేను. మూడు రోజులు నేను కొట్టుకి ఆలస్యంగా వెళ్ళినా మా షావుకారు ఏమీ అనలేదు. మా సంఘంలో ఆడవాళ్ళు వంతులేసుకుని చారూ అన్నం పంపారు.

ఇప్పుడు మీరు అడిగిన దాని సంగతి. మా వాళ్ళలోనే ఒకాయన అడిగాడు, "పన్నెండు రోజులు పక్కనే ఉన్నావు, సువార్త చెప్పావా?" చెప్పలేదు. మంచం మీంచి లేవలేని మనిషి, నా చెయ్యి లేకపోతే ఒంటికి కూడా వెళ్ళలేని మనిషి, నేను ఏం చెప్పినా తలాడిస్తాడు. ఆ తలాడింపుని తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టలేను. ఆయన అడిగితే చెబుతాను. ఒక రాత్రి అడిగారు కూడా, "ఏటి, పెదాలు కదుపుతున్నావు, మంత్రమా?" అని. మీ కాలి కోసం ప్రార్థన చేస్తున్నానన్నాను. "సెయ్యి, సెయ్యి" అన్నారు. అంతే జరిగింది.

కరపత్రం ముందు ఇచ్చి పొట్లం తర్వాత ఇచ్చేవాళ్ళని నేనూ చూశాను, నాకూ కడుపు మండింది. భజన చేస్తేనే ప్రసాదం అనేవాళ్ళనీ చూశాను. కానీ వాళ్ళకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేవాళ్ళు ఫోటోలవాళ్ళు. అరటిపండు ఒక చివర ముసలమ్మ, రెండో చివర నలుగురు పట్టుకుని, ఫోటో బాగా వచ్చేదాకా ఆవిణ్ణి వదలరు. పెళ్ళిళ్ళలో మిగిలిన బిర్యానీ రాత్రి పన్నెండింటికి తెచ్చి కుమ్మరించి పోయేవాళ్ళు ఇంకో రకం. మర్నాడు ఘాట్ మీద అందరికీ విరేచనాలు.

ఇంకోటి, దానాలకి కేలెండరు ఉంది. కార్తీక సోమవారాల్లో పులిహోర తినలేక కుక్కలకి వేస్తారు. క్రిస్మస్‌కి మేం దుప్పట్లు పంచుతాం, ఒక్కొక్కళ్ళకీ నాలుగైదు చేరతాయి, దాచుకోవడానికి చోటు లేక అమ్ముకుంటారు. రంజాన్ నెలలో మళ్ళీ అన్నం. ఆషాఢంలో, శ్రావణం మొదట్లో ఎవరూ రారు. వానలు అప్పుడే, పుళ్ళు చీము పట్టేదీ అప్పుడే. ఆ రెండు నెలల్లో కావలసింది దుప్పటి కాదండీ, బరకం, అంటే టార్పాలిన్ పట్టా. తలా ఒక బరకం ముక్క, ఒక జత రబ్బరు చెప్పులు. మా సంఘంలో మూడేళ్ళుగా మొత్తుకుంటే ఇప్పటికి డిసెంబరు డబ్బుల్లో సగం జులైకి ఆపుతున్నారు.

ప్రభుత్వం చూసుకుంటుంది కదా అంటారు. నగరాల్లో లక్ష జనాభాకి ఒక రాత్రి బస ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళు దేశం మొత్తం మీద 17.7 లక్షలని తేల్చారు, అదీ ఫిబ్రవరి 28 ఒక్క రాత్రి తిరిగి లెక్కపెట్టి. ఆ రాత్రి పోలీసులకి భయపడి సందుల్లోకి జరిగినవాళ్ళు ఎందరో! 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు ముందు బిచ్చగాళ్ళని పోగేసి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రమాలకి చేర్చారు. మా ఊళ్ళో 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకి రంగులు వేసేటప్పుడు మేస్త్రి గారి లాంటివాళ్ళని ఎక్కడికి తోలతారోనని నాకు ఇప్పటి నుంచే దిగులు.

మేస్త్రి గారిని డిశ్చార్జి చేశాక ఒక షెల్టరులో చేర్చాం. నాలుగు రోజులుండి రేవుకే వచ్చేశారు. గోదారి కనపడట్లేదన్నారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు కట్టు మారుస్తాం, షుగరు మాత్రలు పక్కనున్న టీ కొట్టు అమ్మాయి దగ్గర ఉంచి రోజూ వేయిస్తున్నాం.

ఆ ఏడాది కార్తీక పౌర్ణమికి, అరటి దొప్పలో దీపం వదలాలి, కిందకి దింపమని అడిగారు. నేను దీపం వెలిగించలేదు. అది నా విశ్వాసం, ఆయనకీ తెలుసు. బాబాయ్ గారు వత్తి వేసి వెలిగించారు. నేను మేస్త్రి గారి చంకల కింద చేతులేసి, జనంలోంచి ఒక్కొక్క మెట్టే దింపాను. బరువేం లేరు. నీళ్ళ దగ్గర కూర్చోబెడితే దొప్పని తనే తోశారు, అది రెండు జానలు పోయి వేరేవాళ్ళ దీపాల్లో కలిసిపోయింది. నేను కళ్ళు మూసుకుని నా ప్రార్థన నేను చేసుకున్నాను. పైకి ఎక్కేటప్పుడు నాలుగో మెట్టు దగ్గర నన్ను ఆపి, వంగి, వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి చూశారు.

"బోలు. వానలకి ముందే సిమెంటు పొయ్యాల. ఎవుడికైనా సెప్పు."