మూడు రోజులైనా విరేచనం కాలేదు... ఆముదం పట్టించమంటారా?

ప్రశ్న: మా వారికి 56 ఏళ్లు. తెనాలిలో కిరాణా కొట్టు. విరేచనంలో రక్తం పడుతోందని గుంటూరు తీసుకెళ్తే కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేశారు. పెద్దపేగులో రెండు పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండలు) ఉన్నాయని అప్పుడే తీసేశారు. ఇంటికొచ్చి మూడు రోజులైంది, ఇంతవరకూ విరేచనం కాలేదు. మొదటి రోజు పొట్ట ఉబ్బి నొప్పెట్టింది, ఇప్పుడు తగ్గింది. మా అత్తగారు ఆముదం పట్టించమంటున్నారు. ఈయనేమో ‘నాకేమైంది, రేపే కొట్టు తీస్తా’నంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ఆముదం సీసా అలమారలో పెట్టేయండమ్మా. (మీ మెయిల్ చూసిన రోజే మీకు జవాబిచ్చాను. ఇదే అనుమానం చాలామందికి ఉంటుందని ఇక్కడా రాస్తున్నాను.)

పరీక్షకు ముందు ఆ ఉప్పటి మందునీళ్లు లీటర్ల కొద్దీ తాగి మీ వారు బాత్రూమ్‌కి ఎన్నిసార్లు పరుగెత్తారో గుర్తు తెచ్చుకోండి. పేగంతా కడిగినట్టు ఖాళీ అయింది. అది మళ్లీ నిండాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. ఇడ్లీ, పెసరకట్టు, పెరుగన్నం తింటూ మంచినీళ్లు బాగా తాగితే దానంతటదే వస్తుంది. పొట్ట ఉబ్బడానికి కారణం, లోపల సరిగ్గా కనబడాలని పేగులోకి ఊదిన గాలి. ఇంట్లోనే అటూ ఇటూ నడిస్తే పోతుంది. అందరి ముందూ మొహమాటపడి బిగబట్టుకోవద్దని చెప్పండి!

మూడేళ్ల క్రితం నాకూ ఈ పరీక్ష చేశారు. ఆ సాయంత్రం మా కాంపౌండర్‌తో ఫోన్లో పది నిమిషాలు మాట్లాడానట. మర్నాడు ఒక్క ముక్క గుర్తు లేదు. మత్తుమందు ప్రభావం అలా ఉంటుంది. 24 గంటలు బండి నడపొద్దు, కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు అనేది అందుకే. ఆ గండం మీ వారికి ఎలాగూ దాటిపోయింది.

నా దిగులంతా కొట్టు గురించే. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఫర్వాలేదు. 25 కిలోల బియ్యం బస్తా మాత్రం ఎత్తకూడదు. మోకాలికి దెబ్బ తగిలితే పక్కు కట్టి కొన్నాళ్లకు రాలుతుంది చూడండి, పాలిప్ తీసిన చోటా అంతే. ఆ పక్కు ఊడేటప్పుడు రక్తం రావచ్చు. అది మూడో రోజు కావచ్చు, పన్నెండో రోజూ కావచ్చు. కాబట్టి రెండు వారాలు బరువులు, దూర ప్రయాణాలు వద్దు. బస్తాలు కుర్రాడే దించుతాడు.

మొదటి ఒకటి రెండు విరేచనాల్లో కాస్త ఎర్రని చార కనబడితే కంగారు పడకండి. గడ్డలుగా పడినా, రక్తం ఆగకుండా వస్తున్నా, విరేచనం తారులా నల్లగా అయినా, కళ్లు తిరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం, వాంతులు, చెయ్యి వేస్తే పొట్ట గట్టిగా ఉండి నొప్పి పెరగడం... వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రైనా సరే బయల్దేరండి, తెల్లారనిద్దాం అనుకోవద్దు.

నొప్పికి పారాసెటమాల్ చాలు, మందుల షాపులో అడిగి వేరే బిళ్లలు తేవద్దు. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే సొంతంగా ఆపడం, మొదలుపెట్టడం రెండూ తప్పే. పాలిప్స్ తీసిన డాక్టర్నే అడగండి. ఆయన దగ్గరే బయాప్సీ రిపోర్టు కూడా తీసుకుని, మళ్లీ ఎన్నేళ్లకు కొలనోస్కోపీ చేయించాలో చీటీ మీద రాయించుకోండి.

ఆవకాయ సంగతి మీరు అడగలేదు కానీ మీ వారు అడిగే ఉంటారు. ఇంకో నాలుగు రోజులు ఆగమనండి.