సభలు ఆయనకి రద్దయ్యాయి, తీరిక మీకు రద్దయింది

ప్రశ్న (2020 ఏప్రిల్, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో వచ్చిన ఉత్తరం, కుదించాం): మాది గుంటూరు. మావారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, 63 ఏళ్లు. నెలలో సగం సాయంత్రాలు ఏదో ఒక సాహిత్య సభ, లేకపోతే గుళ్లో ఉపన్యాసం. ఈసారి ఉగాది కవి సమ్మేళనం, శ్రీరామనవమి పందిరి అన్నీ ఆగిపోయాయి. ఇంట్లో పచార్లు చేస్తూ కూరలో ఉప్పు దగ్గర్నుంచి కోడలి మాట తీరు దాకా అన్నిటికీ వంక పెడుతున్నారు. కోడలిది కరీంనగర్. అబ్బాయీ ఆమే పండక్కని హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయారు, ఇద్దరిదీ ఇంట్లోంచే ఆఫీసు. పనమ్మాయి రావడం లేదు. ఇదివరకు ఆయన సభకెళ్తే నాకు కాస్త ఊపిరాడేది. ఆయనకి మంచి కాలక్షేపం ఏదైనా చెప్పండి.

జవాబు: అమ్మా, ఉత్తరమంతా ఆయన గురించే, మీ గురించి రాసుకున్నది ఒక్క ముక్క. ఆయన సభకెళ్తే ఊపిరాడేదన్నారు చూడండి, నేను అక్కడే ఆగాను. ఆ సాయంత్రాలే మీకు దక్కిన తీరిక. ఇప్పుడు ఇద్దరి వంట నలుగురికైంది, అంట్లు మీవే, ఆఫీసు పనివాళ్లకి వేళకి కాఫీలు మీవే, అయినా మీరు అడుగుతున్నది ఆయనకి కాలక్షేపం! సరే, అడిగారు కాబట్టి ముందు అదే చెప్తాను.

ఆయన మీద నాకు కోపమేం లేదు. ముప్పై ఏళ్లపాటు క్లాసులో, ఆ తర్వాత వేదిక మీద, నోరు తెరిస్తే వినేవాళ్లు ఎదురుగా ఉన్న మనిషి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, మూడు రోజులు తిరిగేసరికి ఉగాది, ఆ రోజు నుంచే దేశమంతా లాక్‌డౌన్, 21 రోజులన్నది కాస్తా ఇప్పుడు మే 3 దాకా పోయింది. భద్రాచలంలో రాములవారి కల్యాణమే ఏప్రిల్ 2న భక్తులు లేకుండా జరిగింది, ఇక మీ సభ ఎంత అని మాత్రం ఆయనతో అనకండి, అలాంటి ఓదార్పు మంట పెంచుతుంది. ఆయనకి కొరత పడింది వినే జనం. ఆ జనం కింద ఇప్పుడు మీరు ముగ్గురే మిగిలారు, మీరేమో చప్పట్లు కొట్టడం లేదు. (జనతా కర్ఫ్యూ సాయంత్రం డాక్టర్లకీ నర్సులకీ బాల్కనీల్లో కొట్టిన చప్పట్లు వేరే లెక్క.)

అందుకని టీవీ చూడమనండి, పాత ఫొటోలు సర్దమనండి లాంటివి ఇక్కడ పనిచేయవు. దూరదర్శన్‌లో మార్చి 28 నుంచి రామాయణం మళ్లీ వేస్తున్నారు కదా, అది చూసి ఊరుకునే మనిషైతే మీరు నాకు ఉత్తరమే రాసేవారు కాదు. వాల్మీకంలో ఇలా లేదంటూ ప్రతి సీనుకీ వ్యాఖ్యానం మొదలవుతుంది. నాకు తెలుసులెండి, మా వైపూ ఉన్నారు ఇలాంటి మాస్టార్లు.

ఆయనకి తగిన పని తెలుగు వికీసోర్స్‌లో ఉంది, పాత పుస్తకాలని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టే గ్రంథాలయం అది. పాత తెలుగు పుస్తకం స్కాన్ పేజీ ఒక పక్క, కంప్యూటర్ దాన్ని చదివి తీసిన అక్షరాలు ఇంకో పక్క కనిపిస్తాయి. పాత అచ్చు చదవడంలో కంప్యూటర్ పప్పులో కాలేస్తూనే ఉంటుంది, వత్తులు ఎగరగొడుతుంది, థ ఉన్నచోట ధ వేస్తుంది, పద్యపాదాలు కలిపేస్తుంది. తెలుగు బాగా తెలిసిన మనిషి కూర్చుని పోల్చి చూసి దిద్దాలి. దిద్దని పేజీ ఎర్రగా, ఒకరు దిద్దితే పసుప్పచ్చగా, ఇంకొకరు కూడా సరిచూస్తే ఆకుపచ్చగా గుర్తు పడుతుంది. పైసా ఖర్చు లేదు. పరీక్ష పేపర్లు దిద్దిన చేతికి ఇంతకన్నా నచ్చే పని నాకైతే తట్టడం లేదు, పైగా ఇక్కడ వంక పెట్టడమే ఉద్యోగం. టైపింగ్ రాకపోతే అబ్బాయి నేర్పుతాడు, కానీ ఆదివారం నేర్పమనండి, ఆఫీసు మీటింగులో ఉండగా కాదు.

జూమ్‌లో సభలు పెడదామని ఆయన స్నేహితులు ఈపాటికి అనే ఉంటారు. పెట్టుకోనివ్వండి, వారానికొకటి చాలు. డబ్బు కట్టకపోతే నలభై నిమిషాలకి మీటింగ్ దానంతటదే ఆగిపోతుంది, మన సభల్లో అధ్యక్షుడి తొలిపలుకులకే ఆ టైమ్ సరిపోదు, ఆయనకి కొంచెం క్రమశిక్షణ కూడా వస్తుంది. ఒక్క షరతు, హాల్లో గట్టిగా మాట్లాడుతూ మీ అందరినీ కదలకుండా కూర్చోబెట్టకూడదు.

ఒకటి గమనించండి. చిరాకు వేరు, దిగులు వేరు. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గిపోవడం, ఎవరి ఫోనూ ఎత్తకపోవడం, ఇంకెందుకీ బతుకు లాంటి మాటలు రావడం, వీటిలో ఏది కనిపించినా కాలక్షేపాలతో టైమ్ వృథా చేయకుండా డాక్టరుతో మాట్లాడించండి. చివరి మాట వినిపిస్తే ఆ రోజే, ఆయన్ని ఒంటరిగా వదలకండి. బయటికి వెళ్లలేమే అనుకోవద్దు, ఫోన్లో, వీడియోలో వైద్యం చెప్పడానికి ప్రభుత్వం మార్చి 25న మార్గదర్శకాలు ఇచ్చింది, చాలామంది డాక్టర్లు చూస్తున్నారు.

కోడలి మాట దిద్దడం మాత్రం ఇవాళే ఆగాలి. పండక్కి వచ్చిన పిల్ల నెల రోజులుగా అత్తారింట్లో ఇరుక్కుపోయి, తలుపేసుకునే చోటు కూడా ఉందో లేదో తెలియని ఇంట్లో ఆఫీసు పని చేసుకుంటూ, పైన తన మాటకి మార్కులు వేయించుకోవాలా? ఆయనతో ఈ సంగతి మీరు చెప్పకండి, అబ్బాయిని చెప్పమనండి. భార్య తరఫున మాట్లాడటం అతని పని, మీరు మధ్యలో దూరితే అది అత్తా మామల గొడవై కూర్చుంటుంది.

ఇక మీ సంగతి. ఖాళీగా ఉన్న మనిషి ఇంట్లో ఉండి, పని ఉన్న మనిషి ఇంకా ఎక్కువ పని చేస్తుంటే దాన్ని కాలక్షేపం సమస్య అనుకోవడం నావల్ల కాదు. ఆయనకి ఒక పని పూర్తిగా అప్పగించండి. "కాస్త సాయం చేయండి" అంటే కూరగాయలు రెండు తరిగి, ఆ తరిగిన కథ నాలుగు రోజులు చెప్తారు. టిఫిన్ ఆయనదే అనండి, పప్పు నానబోయడం దగ్గర్నుంచి గ్రైండర్ కడిగి ఆరబెట్టడం దాకా. ఇడ్లీ రాయిలా వస్తే తినండి, మీరు లేచి వెళ్లి సర్దకండి, అక్కడే చాలామంది ఆడవాళ్లు ఓడిపోతారు. సాయంత్రం అంట్లు అబ్బాయివి. పనమ్మాయి జీతం ఆపకండి, ఆమె మానుకున్నది కాదు కదా.

ఇదివరకు ఆయన సభకి బయల్దేరే వేళ ఏదో అయిదున్నర, ఆరు అయ్యుంటుంది. అదే వేళకి రోజూ మీరు లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకోండి, ఎనిమిదింటి దాకా కాఫీ, గంటె, ఫోను చార్జరు ఎక్కడున్నాయో మీకు తెలియదు. అక్కడ కూర్చుని ఏం చేస్తారని నేను అడగను, ఆయన్నీ అడగనివ్వకండి.