బీకాం చదివి హిస్టరీ ఎం.ఏ.లో చేరొచ్చా? పరిశోధన చేయాలంటే ఇంగ్లీషు బాగా రావాలా?

చేరండి. చాలా యూనివర్సిటీల్లో హిస్టరీ ఎం.ఏ.కి ఏ డిగ్రీ వాళ్ళనైనా తీసుకుంటారు. నన్నడిగితే బీకాం వాళ్ళే ఎక్కువ రావాలంటాను. పాత రికార్డుల్లో రాజుల కథలు తక్కువ, లెక్కలు ఎక్కువ. జమాబందీ (ఏటా వేసే శిస్తు లెక్క), కిస్తులు, శిస్తు మాఫీలు, కూలి పట్టీలు. పద్దు చూస్తే బెదరని వాళ్ళు మా క్లాసులో ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు.

ఇక ఇంగ్లీషు. నాదీ తెలుగు మీడియమే. మాది కర్నూలు జిల్లా. చివరి సెమిస్టరులో డిసర్టేషన్ కోసం, అంటే మనమే చేసి రాసే చిన్న పరిశోధన కోసం, ధాత కరువు తీసుకున్నాను. పుస్తకాల్లో దాన్ని 1876–78 మద్రాసు కరువు అంటారు. 1876లో నైరుతి వానలూ పోయాయి, ఈశాన్యమూ పోయింది. ఆ ఏడు ధాత నామ సంవత్సరం కాబట్టి మా సీమలో అది ధాత కరువు. మా అవ్వ చిన్నప్పుడు వాళ్ళింట్లో విన్న మాటలు చెప్పేది: "మా తాత ఆ కరువులో మన చెరువుకట్టకు మట్టి మోసినాడంట నాయనా, దినమంతా మోస్తే సోలెడు గింజలు." నా దగ్గరున్న ఆధారం ఆ ఒక్క మాటే.

1953 దాకా మా సీమ మద్రాసు కింద ఉండేది. అందుకే ఆ కాలం రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పది రోజులకని వెళ్ళాను. మొదటి రెండు రోజులూ వృథా అయ్యాయి. ఇండెక్సులో "ఫామిన్" అన్న మాట పట్టుకుని వెతుకుతూ కూర్చున్నాను. నాకు కావలసినవి "స్కేర్సిటీ" కిందా, "సీజన్" కిందా ఉన్నాయి. జనం కరువన్నదాన్ని ఆఫీసు కాగితం ఏమంటుందో ముందు తెలియాలని ఏ క్లాసులోనూ నాకు చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం కరువు పనుల పట్టిక ఒకటి దొరికింది. గోధుమరంగు కాగితం, అంచు పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. ఊళ్ళ పేర్లన్నీ దొర చెవికి వినబడినట్టు రాసి ఉన్నాయి. కడపను కుడ్డపా, గుత్తిని గూటీ, ప్యాపిలిని పీపల్లీ అని రాసిన కాలం అది. రెండుసార్లు చూసినా మా ఊరు కనబడలేదు. మూడోసారి ఒక్కొక్క పేరూ పెదవుల మీద పలుకుతూ పోయాను. పదహారో పేరు దగ్గర నాలుక ఆగింది. అది మా ఊరే. పక్కన "ట్యాంక్ బండ్" (చెరువుకట్ట) అనీ, కూలీల సంఖ్యా ఉన్నాయి. ఎంత గొప్ప ఇంగ్లీషు వచ్చినవాళ్ళకైనా ఆ పేరు మా ఊరని తెలిసేది కాదు. అందుకే అంటున్నాను, ఈ పనికి ముందు మన ఊళ్ళ పేర్లు చెవిలో ఉండాలి. డిక్షనరీ తర్వాత చూసుకోవచ్చు. రెవెన్యూ మాటలకు 1855లో వచ్చిన విల్సన్ గ్లాసరీ, తెలుగు మాటలకు బ్రౌన్ నిఘంటువు దగ్గర పెట్టుకుంటే చాలావరకు గడుస్తుంది.

అవ్వ చెప్పిన సోలెడు గింజలూ నిజమే అయుండాలి. 1877 మొదట్లో వైస్రాయి పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఎండలో మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసులో ప్రజల ఆరోగ్యం చూసే శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు, కొన్ని నెలలకు కూలి పెంచారు. ఈ తగాదా గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలుంది. ఆ పౌను తిని మోసినవాళ్ళ పేర్లు మాత్రం నేను చూసిన ఏ కాగితంలోనూ లేవు, ఉన్నదల్లా సంఖ్యే.

తిరిగొచ్చాక అవ్వ అడిగిన మొదటి ప్రశ్న, "మా తాత పేరుందా?" లేదన్నాను. "అట్లయితే రాసుకో" అని తనకు తెలిసిన పేర్లు చెప్పింది, ఇంటిపేర్లతో సహా పద్నాలుగు. కట్ట మీదే పోయినవాళ్ళు ముగ్గురు. అవి అనుబంధంలో పెట్టాను. వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ వాటిని చూపించి "దీనికి ఆధారమేంటి?" అన్నారు. మా అవ్వ అన్నాను. మార్కులు తగ్గాయి. ఇప్పటికీ నేను చేసింది సరైనదేనంటాను. కలెక్టరు వినికిడి మీద రాసింది ఆధారమైతే, అవ్వ వినికిడి ఎందుకు కాదు?

మీ ప్రశ్నకు సంబంధం లేకపోయినా ఇంకో బాధ చెప్పాలి. ఇప్పుడు చాలాచోట్ల ఎం.ఏ. హిస్టరీ అంటే గ్రూప్స్‌కు చదువుకునేందుకు హాస్టల్ సీటు. ఉద్యోగం కావాలనుకోవడం తప్పని నేననను. కానీ రెండేళ్ళు చదివి, ఒక్క అసలు కాగితమూ ముట్టుకోకుండా, జిరాక్స్ నోట్సుతో బయటపడుతున్నారు. కొన్నిచోట్ల డిసర్టేషన్ తీసేసి దాని బదులు ఇంకో పేపరు పెట్టారు. మీరు చేరేముందు డిపార్ట్‌మెంటుకు వెళ్ళి అడగాల్సింది ఇదొక్కటే: డిసర్టేషన్ ఉందా, లేదా? లేదంటే ఇంకో యూనివర్సిటీ చూసుకోండి.

నా గైడు మొదటి డ్రాఫ్టులో ఎర్ర పెన్నుతో చుట్టిన తప్పు మీరు చేయకండి. పాత రెవెన్యూ కాగితాల్లో ఏడాదిని ఫసలీ లెక్కలో రాస్తారు. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, అంతవరకు సరే. కానీ మద్రాసు ఫసలీ జులై 1న మొదలవుతుంది, ధాత ఏమో ఉగాదికి మొదలైంది. ఫసలీ 1286 అంటే 1876 జులై నుంచి 1877 జూన్ దాకా. నేను రెండూ ఒకటే అనుకుని మూడు నెలల లెక్కలు పక్క ఏడాదిలో వేశాను, అధ్యాయమంతా మళ్ళీ రాయాల్సి వచ్చింది.

ఎగ్మూరు వెళ్తే పెన్సిల్ తీసుకెళ్ళండి. వెళ్ళేముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే, ఒక సాయంత్రం వాళ్ళ దగ్గర కూర్చోండి. మా అవ్వ నా రిజల్ట్స్ వచ్చిన ఏడాదే పోయింది. ఆ పద్నాలుగు పేర్లు తప్ప ఇంకేమీ అడిగి రాసుకోలేదు నేను.